మౌస్ పిల్లల చేతిలోనే ఉండనివ్వండి

1990ల చివర్లో మా బ్యాంకు బ్రాంచికి కంప్యూటర్లు వచ్చాయి. హిందూపురం అవతల చిన్న బ్రాంచి. అప్పటికి పదేళ్లుగా లెడ్జర్లు రాసి రాసి నా వేలికి కాయ కాసింది. మాకు నేర్పడానికి వచ్చిన కుర్రాడు మంచివాడే. ఏదడిగినా "చాలా సింపుల్ మేడమ్" అనేవాడు, నా భుజం పక్కనుంచి చెయ్యి చాపి మౌస్ తీసుకునేవాడు, టకటకా నాలుగు నొక్కులు నొక్కి "అంతే" అనేవాడు. మూడు రోజులూ అదే వరస. నాలుగో రోజు అతను బస్సెక్కాక కౌంటర్లో కూర్చుంటే నాకు పాస్‌బుక్ ప్రింట్ తీయడం కూడా రాలేదు. క్యూలో ముందున్న వేరుశనగ రైతు కాసేపు నన్ను చూసి, "పాత పుస్తకమే నయం గదమ్మా" అన్నాడు.

రిటైరయ్యాక కొడుకు దగ్గరికి బెంగళూరు వచ్చేశాను. కాడుగోడిలో ఉంటాం. ఐదేళ్లుగా ప్రతి ఆదివారం పొద్దున రెండు గంటలు పిల్లలకు కంప్యూటర్ నేర్పుతున్నాను. వచ్చేది 14 మంది, ఉన్నవి 6 కంప్యూటర్లు. కదిరి, మడకశిర, మదనపల్లె వైపు నుంచి బేల్దారి పనికీ హౌస్‌కీపింగ్ పనికీ వచ్చినవాళ్ల పిల్లలు, ఐదో తరగతి నుంచి తొమ్మిది దాకా. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, వీధిలో ఏది దొరికితే అది. మీలో ఎవరైనా ఇలాంటి క్లాసు పెట్టాలనుకుంటే, నేను తప్పులు చేసి తెలుసుకున్నవి చెప్తాను.

మొట్టమొదటిది, మౌస్ మీద మీ చెయ్యి పడకూడదు. చెప్పినంత తేలిక కాదు. పిల్లాడు ఎదురుగా ఉన్న బటన్ కోసం నాలుగు నిమిషాలు వెతుకుతుంటే మన చెయ్యి దురద పెడుతుంది. నేను కొంగు చేతికి చుట్టుకుని నిలబడతాను. స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించడం కూడా మానేశాను. నోటితోనే చెప్తాను: "బొమ్మ పైన చూడు, ఆకుపచ్చ జెండా ఉందా? దాని పక్కన ఏముంది?" చెప్పలేకపోయానంటే నాకే సరిగ్గా తెలియదన్నమాట.

మొదటి రోజు వాళ్ల చేతులు గమనించండి. పుట్టినప్పటి నుంచి ఫోన్ చూసిన పిల్లలు కదా, మానిటర్ మీదే వేలు పెట్టి తోస్తారు. మౌస్ బల్ల అంచుకు రాగానే ఆగిపోతారు. దాన్ని ఎత్తి మళ్లీ మధ్యలో పెట్టుకోవచ్చని ఎవరూ చెప్పలేదు వాళ్లకి. ఒకడైతే చెయ్యి బల్ల దాటించి పక్కవాడి ఒళ్లో దాకా జరిపాడు. దీనికి జీకాంప్రి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ బాగుంటుంది. మౌస్ కదిపితే బొమ్మ మీది ముసుగు తొలగే ఆటలూ, అక్షరాలు రాలుతుంటే టైప్ చేసే ఆటలూ ఉంటాయి. రెండు ఆదివారాలు చాలు. అంతకన్నా ఆడనిస్తే అక్కడే ఉండిపోతారు.

14 మందికి 6 కంప్యూటర్లంటే ఇద్దరికో ముగ్గురికో ఒకటి. దీనికి మా పద్ధతి డ్రైవర్, కండక్టర్. మౌస్, కీబోర్డు డ్రైవర్‌వి. ఎక్కడికి పోవాలో చెప్పేది కండక్టర్. కండక్టర్ నోటితో చెప్పాలి, చెయ్యి చాపకూడదు. డ్రైవర్ సొంతంగా రూటు మార్చకూడదు. పది నిమిషాలకోసారి నేను విజిల్ వేస్తాను, ఇద్దరూ సీట్లు మార్చుకుంటారు. ముగ్గురున్న చోట మూడోవాడు చెకింగ్ ఇన్‌స్పెక్టర్, తప్పులు నోట్‌బుక్‌లో రాస్తాడు. రోజూ బీఎంటీసీ బస్సెక్కే పిల్లలకి ఇది వివరించక్కర్లేదు. "రైట్ రైట్", "హోల్డాన్" అని అరుపులు మాత్రం భరించాలి.

ముందు చాక్‌పీస్, తర్వాతే కంప్యూటర్

మొదటి నెల నేను చేసిన ఘనకార్యం వినండి. బోర్డు మీద "కంప్యూటర్ భాగాలు" అని రాసి, సీపీయూ, మానిటర్, ఇన్‌పుట్, అవుట్‌పుట్ అంటూ నోట్స్ చెప్పాను. మొదటి వారం 20 మంది వచ్చారు, మూడో వారానికి 6 మంది మిగిలారు. ఆ ఆరుగురిలో ఒక పిల్ల, "మిస్, ఇది పరీక్షకి వస్తుందా?" అంది. రాదన్నాను. "మరి ఎందుకు రాయాలి?" నా దగ్గర జవాబు లేదు. నోట్స్ ఆ రోజుతో ఆపేశాను.

ఇప్పుడు మొదటి పాఠం ముగ్గు. ముగ్గులు వేసేవాళ్లు ఒకరికొకరు ఎలా చెప్పుకుంటారో గమనించారా? "7 చుక్కలు, 4 వరకు, సందు చుక్క." అంతే, ఇంకేం చెప్పరు. నడిమి వరసలో 7 చుక్కలు పెట్టాలి. పైకి, కిందికి వరసకు ఒకటి తగ్గించుకుంటూ పోవాలి. 4 చుక్కల వరస అయ్యాక ఆగాలి. సందు చుక్క అంటే రెండు చుక్కల నడుమ సందులో తర్వాతి వరస చుక్క పడాలని. ఎక్కడ మొదలు పెట్టాలి, ఎక్కడ ఆగాలి, ఎంత చొప్పున మారాలి. ప్రోగ్రామింగ్‌లో ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూప్ అనేదానికి కావలసినవి ఈ మూడే, మన అవ్వలు వాకిట్లో నిలబడి చెప్పేసుకునేవాళ్లు.

ఇద్దరిని వీపుకు వీపు ఆనించి కూర్చోబెడతాను. ఒకరి చేతిలో ముగ్గు కాగితం, ఇంకొకరి చేతిలో చాక్‌పీస్. కాగితం ఉన్నవాళ్లు చెప్పాలి, చాక్‌పీస్ ఉన్నవాళ్లు చెప్పింది చెప్పినట్టే వేయాలి, సొంత తెలివి వాడకూడదు. "పక్కన ఇంకో చుక్క పెట్టు" అంటుంది ఒక పిల్ల. ఆ పిల్లవాడు జరిగి, మూరెడు దూరంలో పెడతాడు. వెనక్కి తిరిగి చూసి ఆమె గొడవ. "ఎంత దూరమో నువ్వు చెప్పలేదు కదా?" అని వాడు. ఈ గొడవ కోసమే నేను ఎదురు చూస్తుంటాను. కంప్యూటర్ అంటే ఆ చాక్‌పీస్ పట్టుకున్నవాడేనని అప్పుడు చెప్తే ఇక మరిచిపోరు. మగపిల్లలు మొదట "ముగ్గులా!" అని మూతి తిప్పుతారు. పది నిమిషాల్లో వాళ్లే ఎక్కువ కొట్టుకుంటారు.

తర్వాత లెక్క. మొత్తం ఎన్ని చుక్కలు? నడుమ 7, పైన 6, 5, 4, కింద మళ్లీ 6, 5, 4. మొత్తం 37. సందులో కాకుండా చుక్క మీద చుక్క నేరుగా పెట్టి 7 నుంచి 1 వరకు పోతే? అప్పుడు వరసకు రెండు వైపులా ఒక్కోటి తగ్గుతుంది, అంటే నడుమ 7, పైన 5, 3, 1, కింద కూడా అంతే. మొత్తం 25. ఒక్క మాట మారితే లెక్కంతా ఎలా మారిందో వాళ్లే నేల మీద లెక్కపెట్టి చూస్తారు.

మూడో ఆదివారం అంకె పట్టుకునే ఆట. 1 నుంచి 100 లోపు ఒకరు ఒక అంకె తలుచుకోవాలి, మిగతావాళ్లు "పెద్దదా, చిన్నదా" అని అడిగి పట్టుకోవాలి. ప్రతిసారీ మిగిలినవాటిలో నడిమి అంకె అడిగితే 7 ప్రశ్నల్లో దొరికి తీరుతుంది. ఒక్కో ప్రశ్నకు మిగిలినవి సగమైపోతాయి, ఏడు రెండ్లను ఒకదానితో ఒకటి గుణిస్తే 128, అది 100 కన్నా ఎక్కువ కాబట్టి. ఇలా కరెంటు లేకుండా కంప్యూటర్ పాఠాలు చెప్పే ఆటలు ఇంకా కావాలంటే, న్యూజిలాండ్‌లోని కాంటర్బరీ యూనివర్సిటీ వాళ్ల సీఎస్ అన్‌ప్లగ్డ్‌లో బోలెడున్నాయి, అన్నీ ఉచితం. కరెంటు పోయినప్పుడల్లా నాకు అదే దిక్కు.

స్క్రీన్ మీద ముగ్గు

నాలుగో ఆదివారం, పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పే స్క్రాచ్ తెరుస్తాం. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ వాళ్లు 2007లో విడుదల చేసింది. కోడ్ టైప్ చేయక్కర్లేదు, రంగురంగుల బ్లాకులు ఒకదాని కింద ఒకటి అతికించడమే. మా పాత కంప్యూటర్లలో ఉన్నది విండోస్ కాదు, ఉచితంగా దొరికే లినక్స్ మింట్. లినక్స్‌కి స్క్రాచ్ వాళ్ల సొంత యాప్ లేదు. అచ్చం అలాగే ఉండే టర్బోవార్ప్ వేసుకున్నాం, ఇంటర్నెట్ లేకుండా నడుస్తుంది. స్క్రాచ్ ఫైళ్లు అందులో తెరుచుకుంటాయి.

పని ఏంటంటే, ఆ 7 చుక్కల ముగ్గు స్క్రీన్ మీద రావాలి. చుక్కకు బదులు స్క్రాచ్ పిల్లి బొమ్మనే వాడుకుంటారు. దాని సైజు 20 శాతానికి తగ్గించి, పెన్ బ్లాకుల్లోని స్టాంప్‌తో అచ్చు వేస్తూ పోవడం. బొమ్మ కనిపించే స్టేజి 480 వెడల్పు, 360 ఎత్తు, సున్నా సరిగ్గా నడుమ. పిల్లికీ పిల్లికీ 40 ఎడం పెట్టుకుంటే మొదటిది మైనస్ 120 దగ్గర మొదలవుతుంది. "చుక్కలు" అని ఒక వేరియబుల్, అంటే అంకె దాచుకునే డబ్బా, పెట్టమంటాను. పేరు తెలుగులోనే పెట్టుకోవచ్చు, కన్నడంలోనూ పెట్టుకోవచ్చు, స్క్రాచ్ ఏమీ అనుకోదు. దానికి 7 ఇచ్చి, అన్నిసార్లు స్టాంప్ వేసి, వరస అయ్యాక ఒకటి తగ్గించి, పైకి జరిగి, మళ్లీ. మొత్తం నాలుగు వరసలు.

ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు దీన్ని ఇరవై నిమిషాల్లో చేసేసి, గర్వంగా నన్ను పిలిచాడు. ప్రోగ్రాం నడిపించే ఆకుపచ్చ జెండా నొక్కాడు. 7 పిల్లులు, వాటి మీద 6, 5, 4. కానీ అన్ని వరసలూ ఎడమవైపు ఒకే గీత మీద మొదలయ్యాయి. నేను చూశాను, కొంగు గట్టిగా చుట్టుకున్నాను, ఏమీ అనలేదు. పక్కనే కండక్టర్‌గా ఉన్న వాడి చెల్లెలు, "అన్నా, సందు లేదు. ఇది ముగ్గు కాదు, మెట్లు" అంది. వాడు ఒప్పుకోలేదు. అంకెలు సరిగ్గా ఉన్నాయి కదా అన్నాడు. ఇద్దరూ లేచి వెళ్లి నేల మీద మళ్లీ చాక్‌పీస్‌తో వేశారు. అక్కడ వాడి చెయ్యి తనంతట తనే సందులోకి జరిగింది. జరిగాక ఆగి, తన చెయ్యి వంక చూసుకున్నాడు. వరస మారినప్పుడల్లా మొదటి పిల్లి సగం ఎడం, అంటే 20, కుడికి జరగాలి. మైనస్ 120, తర్వాత మైనస్ 100, మైనస్ 80. తర్వాతి ఆదివారం వచ్చీ రాగానే సరిచేశాడు. కింది సగానికి, ఎంత పైనో ఎంత కిందో చెప్పే వై విలువ పక్కన మైనస్ పెడితే చాలని కూడా వాడే కనిపెట్టాడు.

నేను మొదటిరోజే "20 కలుపు" అని ఉంటే ఐదు నిమిషాల్లో అయిపోయేది. ఒక వారం పోయింది, పోనీండి.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఇంకొకటి: రెండోసారి నడిపేముందు పాత బొమ్మ చెరపరు, పిల్లుల మీద పిల్లులు పడతాయి. మొదట్లో ఎరేజ్ ఆల్ బ్లాకు పెట్టించండి. ఇది మాత్రం చెప్పేస్తాను, కనిపెట్టడానికి ఇందులో ఏమీ లేదు.

అక్షరాలు

తెలుగు టైపింగ్ ఎందుకు, ఫోన్లో మాట్లాడితే అదే రాసుకుంటుంది కదా అని మా అబ్బాయే అంటాడు. నిజమే, ఫోన్లో వాళ్లు అలాగే చేసుకుంటారు, నేను వద్దనను. కానీ బెంగళూరు పిల్లలకి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్పితే ఒక్క దెబ్బకు రెండు పిట్టలు. 1980ల్లో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ తయారు చేసిన అమరిక ఇది. గుణింతపు గుర్తులు దాదాపు అన్నీ ఎడమ వైపు, హల్లులు ఎక్కువగా కుడి వైపు. అసలు విశేషం, దాదాపు అన్ని భారతీయ లిపులకూ అదే అమరిక. కన్నడంలో క ఏ కీ మీద ఉందో తెలుగులోనూ అక్కడే.

లినక్స్‌లో కీబోర్డు సెట్టింగులకు వెళ్లి తెలుగు, కన్నడ లేఔట్లు రెండూ చేర్చుకోండి. జాబితాలో కగప ఫొనెటిక్ అని వేరే ఉంటుంది, అది కన్నడ గణక పరిషత్ వాళ్ల పద్ధతి, అది కాదు. విండోస్‌లో అయితే విండోస్ కీ, స్పేస్‌బార్ కలిపి నొక్కితే ఒక భాష నుంచి ఇంకో భాషకు మారుతుంది. ఇప్పుడు కన్నడంలో పెట్టి, షిఫ్ట్ పట్టుకుని డి నొక్కించండి, తర్వాత షిఫ్ట్ వదిలి సి, డి, సి. అ, మ, పొల్లు, మ. కన్నడంలో "అమ్మ" వస్తుంది. భాష మార్చి అవే కీలు నొక్కిస్తే తెలుగులో "అమ్మ". షిఫ్ట్‌తో డి, తర్వాత బి, డి, బి కొడితే "అవ్వ".

ఏడో తరగతి పిల్ల ఒకతె ఉండేది. కన్నడ మీడియం, తెలుగు మాట్లాడుతుంది గానీ రాయడం రాదు. వాళ్ల నాన్న ఊళ్లో ఐదో తరగతి దాకా చదివాడు, తెలుగు తప్ప ఇంకోటి చదవలేడు. ఈ కిటుకు తెలిసిన రోజు ఆ పిల్ల ఎవరితోనూ మాట్లాడకుండా మూలకు వెళ్లి కూర్చుంది. ముందు కాగితం మీద కన్నడ అక్షరాల్లో ఏదో రాసుకుంది. దాన్ని చూస్తూ, తెలుగు లేఔట్ పెట్టుకుని, ఒక్కో కీ వెతుక్కుంటూ పావుగంట కొట్టింది. ప్రింట్ కావాలంది. పెద్ద అక్షరాల్లో "నాన్నా బీడీ మానెయ్" అని ఉంది. ఇంటికి తీసుకెళ్లి తలుపు వెనక అతికించిందట.

మానలేదట. చదివాడట.

ఫైళ్లూ ఫోల్డర్ల గురించి రెండే మాటలు. ఫోన్ పిల్లలకి ఫైలు ఎక్కడో ఒక చోట ఉంటుందని తెలియదు. యాప్ తెరిస్తే అన్నీ కనిపిస్తాయి కదా. నేను బ్యాంకులో ఓచర్ల కట్ట సంగతి చెప్తాను: రోజు ఓచర్లన్నీ ఆ రోజే కట్టగట్టి పైన తేదీ వేసి బీరువాలో పెట్టేవాళ్లం, లేకపోతే ఆడిట్ నాడు ఏడుపే. పిల్లలు కూడా తమ పేరుతో ఫోల్డర్, అందులో తేదీతో ఫైలు. "అన్‌టైటిల్డ్" అని కనిపిస్తే నేను డిలీట్ చేసేస్తానని బెదిరిస్తాను. ఎప్పుడూ చేయలేదనుకోండి.

ఇంట్లో ఫోన్ నడిపేది వీళ్లే

స్కూల్ సిలబస్‌లో ఉన్నా లేకపోయినా మీరు తప్పకుండా చెప్పాల్సింది డబ్బు సంగతి. ఈ ఇళ్లల్లో అమ్మానాన్నలకి చదువు తక్కువ, ఫోన్లో డబ్బు పంపేది, బ్యాలెన్స్ చూసేది ఈ పన్నెండు, పదమూడేళ్ల పిల్లలే. పోయిన సంవత్సరం ఒక పిల్లవాడి నాన్న పాత టీవీ అమ్మకానికి పెట్టాడు. మిలిటరీలో పని చేస్తానంటూ ఒకడు ఫోన్ చేశాడు. డబ్బు వేస్తున్నాను, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, మీ ఖాతాలో పడుతుంది అన్నాడు. నాన్న ఫోన్ కొడుక్కిచ్చాడు. వాడు స్కాన్ చేశాడు, పిన్ కొట్టాడు, 3,800 రూపాయలు పోయాయి. ఇంట్లో దెబ్బలు. రెండు వారాలు క్లాసుకు రాలేదు. నేనే వాళ్ల షెడ్డు దాకా వెళ్లి తీసుకొచ్చాను. ముగ్గులూ పిల్లులూ నేర్పుతున్నాను గానీ ఇది చెప్పలేదే అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్ఫై ఏళ్లు బ్యాంకులో చేసినదాన్ని.

అప్పటి నుంచి నెలకోసారి నాటకం ఆడతాం. నేను దుప్పటి వెనక కూర్చుని ఫోన్ చేస్తాను, కన్నడంలో, తెలుగులో, నాకొచ్చిన ముక్క హిందీలో. ఒకసారి కేవైసీ ఆగిపోయిందంటాను, ఒకసారి కరెంటు కట్ చేస్తానంటాను, ఒకసారి లాటరీ. పిల్లలు పట్టుకోవాలి. వాళ్లు వల్లె వేసేది ఒకటే: డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, బ్యాలెన్స్ చూసేటప్పుడు తప్ప పిన్ అడిగిందంటే డబ్బు పోతోందని. కస్టమర్ కేర్ నంబర్ గూగుల్‌లో వెతకొద్దు, కార్డు వెనకో పాస్‌బుక్ మీదో ఉన్నదే వాడాలి. వెతికితే మోసగాళ్లు పెట్టిన నంబర్లు కూడా వస్తాయి.

పోయాక ఏం చేయాలో కూడా చేయించి చూపండి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ. వాళ్లు ట్రాన్సాక్షన్ నంబర్ అడుగుతారు. అందుకని ప్రతి పిల్లా ఇంట్లో ఫోన్ తెచ్చి, పాత పేమెంట్ ఏదైనా తెరిచి, 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబర్ వెతికి నాకు చూపించాలి. మొదటిసారి సగం మందికి దొరకలేదు. టెన్షన్‌లో అసలే దొరకదు. ఇంకోటి, తల్లిదండ్రులను పిలిచి, డబ్బు పోతే పిల్లల్ని కొట్టొద్దని చెప్పాను. కొడతారని భయం ఉంటే దాచేస్తారు, ఆ లోపల పుణ్యకాలం గడిచిపోతుంది. ఆన్‌లైన్లో ఎవరైనా ఫొటోలు అడిగి బెదిరిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098 అని గోడ మీద రాసిపెట్టాను.

ఇప్పుడు ఏఐ చాట్‌బాట్లు వచ్చాయి, హోంవర్క్ దాన్నే అడుగుతున్నారు. వద్దంటే ఆగుతారా? నేను అడగమన్నాను, కానీ ముందు మీకు జవాబు బాగా తెలిసింది అడగండి అన్నాను. మా ముగ్గులో ఎన్ని చుక్కలని అడిగారు. 22 అంది. పై సగం వరకే లెక్కపెట్టిందన్నమాట, నడుమ 7తో కలిపి. కింద ఉన్న 15 ఏవని నిలదీసి, దానిచేత క్షమాపణ చెప్పించుకుని, రెండు వారాలు చెప్పుకుని నవ్వుకున్నారు.

సామాను గురించి క్లుప్తంగా. ఎవరో ఇస్తామన్న కంప్యూటర్లు తీసుకునేముందు హార్డ్ డిస్క్ ఉందో లేదో చూసుకోండి. మాకు మొదట వచ్చిన నాలుగూ ఖాళీ డబ్బాలు, ఇచ్చినవాళ్లు ఫొటోలు మాత్రం బాగా దిగారు. 4 జీబీ ర్యామ్ ఉన్న పాతవి చాలు, ఒక్కోదానికి హార్డ్ డిస్క్ బదులు వేగంగా నడిచే చిన్న ఎస్‌ఎస్‌డీ వేస్తే లేచి కూర్చుంటాయి. కె.ఆర్. మార్కెట్ దగ్గర ఎస్పీ రోడ్‌లో దొరకని సామాను లేదు. వైరున్న మౌసులు రెండు ఎక్కువే కొనండి. మా గదిలో నిజం ఎలుక వచ్చి కంప్యూటర్ ఎలుక తోక కొరికేసింది, పిల్లలకి ఆ రోజు పాఠం జరగలేదు.

చివరిగా, పన్నెండు వారాల కోర్సు లాంటిది వేసుకోకండి. బిల్డింగ్ పూర్తయితే వీళ్లు ఇంకో సైటుకు పోతారు, ఒక్కోసారి చెప్పకుండానే. సగటున ఒక పిల్ల నా దగ్గర ఉండేది ఐదారు నెలలు. అందుకే ఏ ఆదివారం పాఠం ఆ ఆదివారమే ముగిసేలా, దాని ఫలితం ఇంటికి పట్టుకెళ్లేలా చూస్తాను. వెళ్లేవాళ్ల ఫోన్‌లోకి వాళ్ల ముగ్గు ఫైలు ఎక్కించి పంపుతాను. స్క్రాచ్ ఫైలు కాబట్టి పేరు చివర ఎస్‌బీ3 అని ఉంటుంది. మొన్న సర్జాపురం సైటుకు మారిన అన్నాచెల్లెళ్లకు కూడా ఎక్కించాను. కొత్త బడిలో కంప్యూటర్ ఉందట, సారు వారానికోసారి తాళం తీస్తాడట. ఆ తాళం తీసిన రోజు తెరవమన్నాను.